పాత కారు – కొత్త కమాన్లు

ఉదయం తొమ్మిదిన్నర గంటలకు మా కార్యాలయపు ప్రాంగణంలోకి ఒక తెల్లని అంబాసిడర్ కారు ప్రవేశించగానే కొత్తగా చేరిన కాపలాదారు నిటారుగా నిలబడి సలాం చేస్తాడు. మంత్రిగారో, ఉన్నతాధికారో వచ్చారని అతని భ్రమ. కారులోనుంచి నేను దిగడం చూసి అతని చేయి సగంలో ఆగిపోతుంది. "ఆ సలాం కారుకే గాని మీకు కాదండీ" అని సహోద్యోగ మిత్రులు పరిహాసమాడుతూ ఉంటారు. నిజమే. ఆ గౌరవానికి అర్హత నాకన్నా దానికే ఎక్కువ. సర్వీసులో అది నాకు దాదాపు సమకాలికురాలు; పైగా ఒక్క రోజు కూడా ఆర్జిత సెలవు పెట్టలేదు.

1998లో మన సంస్థ మంజూరు చేసిన వాహన ఋణంతో ఆ కారు కొన్నాను. దూరం చూపే మీటరులో ఐదంకెలే ఉన్నందువల్ల అది ఇప్పటికి రెండుసార్లు సున్నాలకు తిరిగి వచ్చింది. మొత్తం 2 లక్షల 30 వేల కిలోమీటర్లు దాటింది. పదిహేనేళ్లు నిండినప్పుడు 2013లో ఒకసారి, ఆపైన 2018లోను, 2023లోను రిజిస్ట్రేషన్ పునరుద్ధరించుకున్నాను. 2022 ఏప్రిల్ నుండి పాత కార్ల పునరుద్ధరణ రుసుము 600 రూపాయల నుండి 5,000 రూపాయలకు పెరగడంతో మా ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. "ఈ బండిని ఇంక వదిలించుకోరాదా?" అని మా ఆవిడ, పిల్లలు ఏకగ్రీవంగా తీర్మానించారు. ఆ తీర్మానాన్ని త్రోసిపుచ్చినది మా అమ్మ.

అమ్మకు ఎనభై నాలుగేళ్లు. భవానీపూర్‌లోని మా అద్దె ఇంట్లో మాతోనే ఉంటుంది. మా నాన్నగారు ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేసి పదవీ విరమణ చేశారు. 2009లో వారు గతించాక ఆమెను నా దగ్గరకు తీసుకువచ్చాను. ఆమెకు అంబాసిడర్ మీద మమకారం ఉన్నది గాని, అది ఉత్త మమకారం కాదు. దాని తలుపు వెడల్పు, సీటు ఎత్తు. వంగలేని నడుముతో ఉన్న మనిషి కుర్చీలో కూర్చున్నట్లే అందులో కూర్చోవచ్చు, కాళ్లు చాపుకోవచ్చు. నేటి అద్దె కార్లలో ఆమె ముందు తల వంచాలి, తరువాత నడుము వంచాలి, ఆపైన ఎవరో చేయి పట్టి లాగితే గాని బయటికి రాలేదు.

2024 మే నెలలో స్నానాల గది గడప దగ్గర అమ్మ కాలు జారి కూలబడింది. వెన్నుపూస ఒకటి నలిగిందని ఎక్స్‌రేలో తేలింది. ఎముకలు గుల్లబారిన వయసులో శస్త్రచికిత్స అక్కరలేదనీ, విశ్రాంతితోను, వారానికి రెండుసార్లు చేయించే వ్యాయామ చికిత్సతోను క్రమంగా కుదుటపడుతుందనీ డాక్టరుగారు ధైర్యం చెప్పారు. ఒక్క హెచ్చరిక మాత్రం చేశారు. "కుదుపులు తగలనీయకండి. ముందుకూ వెనక్కూ ఊగడం ఫరవాలేదు. క్రిందినుంచి పైకి తగిలే దెబ్బ మాత్రం కూడదు" అన్నారు.

ఆ దెబ్బలే నా కారు ప్రత్యేకత అయి కూర్చున్నాయి. వర్షాకాలం మొదలై వీధులలో గుంతలు పడ్డాయి. ప్రతి గుంత దగ్గరా ముందు చక్రాల వద్ద 'టక్కు'మనే శబ్దం, వెనుక సీటులో ఎగిరిపాటు. అద్దంలో చూస్తే అమ్మ ముఖం ప్రశాంతంగానే ఉండేది. ముందు సీటు అంచును పట్టుకున్న చేతివేళ్లు మాత్రం తెల్లబడి ఉండేవి. నాలుగైదు వారాలు గడిచేసరికి "నాకు నెమ్మదించిందిరా, ఇంక ఆసుపత్రికి రాను" అని మొండికేసింది. నెమ్మదించలేదని మా ఆవిడకు తెలుసు. రాత్రిళ్లు పక్క మీద ఒత్తిగిలడానికి కూడా ఆమె మూలుగుతున్నది. ఆమెకు కష్టమైనది చికిత్స కాదు, ప్రయాణం. ఆ మాట నాతో అంటే నేనూ నా కారూ చిన్నబుచ్చుకుంటామని ఆమె సంకోచం.

కారు మరమ్మతు చేయించాలని నిశ్చయించుకున్నాను. ఇక్కడ నా తెలివితక్కువను దాచకుండా చెప్పాలి. కుదుపు అనగానే నాకు తోచినవి షాక్ అబ్సార్బర్లు. పేరులోనే ఉన్నది గదా! దుకాణానికి వెళ్లి అడగగానే రెండు రకాలు చూపించారు. ఒకటి మామూలు రకం, మరొకటి భారీ బరువులకు ఉద్దేశించిన 'హెవీ డ్యూటీ' రకం. రెండవదాని ధర ఎక్కువ, బరువు ఎక్కువ, డబ్బా మీద బొమ్మ కూడా ఘనంగా ఉన్నది. ఎక్కువ ధర పెట్టి కొన్నదే మేలైనదని నమ్మి, నాలుగూ అవే వేయించాను. మరునాడు అమ్మను బ్రతిమాలి బయలుదేరదీశాను. వీధి మలుపు తిరగకముందే ఆమె "అబ్బా" అన్నది. పడిన నాటి నుండి నా ఎదుట ఆమె నోట ఆ మాట రావడం అదే మొదటిసారి.

భవానీపూర్‌లో హరీశ్ ముఖర్జీ రోడ్డు పరిసరాలలో సిక్కు కుటుంబాలు తరతరాలుగా స్థిరపడి ఉన్నాయి. టాక్సీ, రవాణా వృత్తులతో ఈ నగరానికి వచ్చినవారు వారిలో ఎందరో ఉన్నారు. అటువంటి ఒక వృద్ధ సర్దార్జీ మా పక్క సందులో చిన్న షెడ్డు నడుపుతున్నాడు. బెంగాలీ, హిందీ కలగలిపి మాట్లాడతాడు. కారును ఆయన వద్దకు తీసుకుపోయి నా గోడు వినిపించాను. ఆయన పనిముట్లేవీ ముట్టుకోలేదు. మొదట ఒకే ప్రశ్న వేశాడు: "దాదా, ఈ బండి ఎవరిని కూర్చోబెట్టడానికి?"

అమ్మ సంగతి చెప్పాను. "అయితే సిమెంటు బస్తాల కోసం చేసిన సామాను మాషీమా కోసం ఎందుకు వేయించారు?" అన్నాడు.

తరువాత ఆయన చేసిన పరీక్ష, చెప్పిన పాఠం పాత కారు ఉన్న మిత్రులందరికీ పనికివస్తాయని ఇక్కడ వివరంగా వ్రాస్తున్నాను.

షాక్ అబ్సార్బర్ బరువు మోయదు. మోసేది స్ప్రింగు. అంబాసిడర్‌లో ముందు చక్రాలకు టోర్షన్ బార్లు, అంటే తమ పొడవునా మెలితిరిగి బరువును ఓర్చుకొనే ఉక్కు కడ్డీలు ఉంటాయి. వెనుక చక్రాలకు మన లారీవాళ్లు కమాన్‌కట్టలు అనే ఉక్కు పట్టీల కట్టలు ఉంటాయి. గుంతలో పడిన చక్రపు దెబ్బను మొదట ఓర్చుకొనేవి ఇవి. ఆ తరువాత బండి అదే పనిగా ఊగిపోకుండా నూనెను సన్నని రంధ్రాల గుండా నెట్టి, ఊపును వేడిగా మార్చి అణచేది షాక్ అబ్సార్బర్. మూల మీద బలంగా నొక్కి వదిలినప్పుడు బండి ఒకసారి లేచి కుదురుకుంటే అది బాగున్నట్లు; మళ్లీ మళ్లీ ఊగితే అది పోయినట్లు. నా పాతవి నిజంగానే పోయాయి. వాటి స్థానంలో అవసరానికి మించి బిగువైనవి వేయించడం వల్ల ఊపు పోయి దెబ్బ మిగిలింది.

ఇక 'టక్కు'మనే శబ్దం. జాకీ ఎత్తి, ఇనుప గడ్డపారను సందులో దూర్చి కదిలించి చూపాడు. ఉక్కు భాగాలు కలిసేచోట దెబ్బకూ దెబ్బకూ నడుమ మెత్తగా ఉండవలసిన రబ్బరు బుష్‌లు ఎండిన తుమ్మజిగురు మాదిరి పొడిపొడిగా రాలాయి. రబ్బరు లేనిచోట ఇనుము ఇనుమును కొట్టుకుంటున్నది. చివరకు వెనుక వైపు దూరి టార్చిలైటు వేశాడు. ఎడమ కమాన్‌కట్టలో రెండవ పట్టీ విరిగి ఉన్నది! ఎన్నాళ్లనుంచో ఎవరికి తెలుసు? అన్నిటికన్నా ముందు చూడవలసిన చౌక విషయం టైర్లలో గాలి. నా టైర్లలో అదీ ఎక్కువే ఉన్నది. గాలి ఎక్కువైతే టైరు కూడా రాయిలాగే కొడుతుంది.

రోగం తెలిసింది. మందు ఎక్కడ దొరుకుతుంది? గంగ కావలి ఒడ్డున ఉత్తరపారాలో ఉన్న హిందుస్తాన్ మోటార్స్ కర్మాగారంలో 2014 మే నెలలో ఉత్పత్తి ఆగిపోయింది. 2017లో అంబాసిడర్ అనే పేరు 80 కోట్ల రూపాయలకు ఫ్రాన్స్ దేశపు ప్యూజో సంస్థకు అమ్ముడుపోయింది. పేరుకు అంత విలువ ఉన్నా, ఆ పేరు నుండి ఒక రబ్బరు బుష్ కూడా రాలదు గదా!

ఒక ఆదివారం సర్దార్జీని వెంటబెట్టుకొని మల్లిక్ బజారుకు వెళ్లాను. కలకత్తాలో పాత మోటారు సామానుకు పెట్టింది పేరు ఆ బజారు. పదిహేనేళ్లు దాటిన వాణిజ్య వాహనాలు నగరంలో తిరగరాదని 2008లో హైకోర్టు తీర్పు ఇచ్చిన తరువాత పసుపు టాక్సీలు ఒకటొకటిగా తుక్కు క్రిందకు వెళ్లాయి. వాటి అంగాంగాలు ఇటువంటి బజార్లకు చేరాయి. గుట్టలుగా పడి ఉన్న ఆ ఉక్కును చూస్తే నాకు చిన్ననాటి ఖరగ్‌పూర్ వర్క్‌షాపు గుర్తుకు వచ్చింది.

మా ముందు మూడు మార్గాలు కనిపించాయి. టాక్సీల నుండి విప్పిన పాత భాగాలు ఒకటి. కర్మాగారం మూతపడకముందు తయారై నేటికీ డబ్బాలలో ఉన్న అసలు భాగాలు రెండు. ఇప్పటికీ ఇతర తయారీదారులు చేస్తున్న కొత్త భాగాలు మూడు. నా మనస్సు సహజంగానే రెండవదాని మీదకు పోయింది. అసలు సరుకు, వాడనిది, ముద్ర చెరగనిది. ఇంతకన్నా ఏం కావాలి? ఒక దుకాణదారు భక్తితో ధూళి దులిపి అటువంటి బుష్‌ల పెట్టెను నా చేతిలో పెట్టాడు. సర్దార్జీ ఒక బుష్ తీసి గోటితో నొక్కాడు. అంచున సన్నని పగుళ్లు కనిపించాయి.

"ఉక్కు అయితే పెట్టెలో పదేళ్లు ఉన్నా ఉక్కే, తుప్పు పట్టకపోతే చాలు. రబ్బరుకు పెట్టెలో ఉన్నా వయసు వస్తుంది దాదా. అసలుదే కావచ్చు, కాని ముసలిది" అన్నాడు. నాకు కనువిప్పు అయింది. రబ్బరు విషయంలో ముద్రకన్నా తయారైన తేదీ ముఖ్యం. షాక్ అబ్సార్బర్ సంగతీ అంతే. ఏళ్ల తరబడి నిలవ ఉన్నదానిలో నూనెను ఆపే సీలు గట్టిపడి కారిపోవచ్చు. కనుక బుష్‌లు, షాక్ అబ్సార్బర్లు ఇటీవల తయారైనవే కొన్నాము. షాక్ అబ్సార్బర్లు ఈసారి మామూలు రకమే. పాలీయూరెథేన్ అనే గట్టి పదార్థంతో చేసిన బుష్‌లు ఎక్కువకాలం మన్నుతాయని ఒకరు సలహా ఇచ్చారు. మన్నిక నిజమే గాని, అవి రబ్బరుకన్నా బిగువుగా ఉండి దెబ్బను లోపలికి పంపుతాయి. నాకు పదేళ్లు నిలిచే బుష్‌కన్నా ఈ ఏడాది అమ్మను నొప్పించని బుష్ అవసరం.

టోర్షన్ బార్లు పరీక్షలో బాగానే తేలాయి. వాటి జోలికి పోలేదు. టాక్సీ నుండి తీసిన కడ్డీలు చౌకగా వస్తాయని ఊరించారు గాని, లక్షల కిలోమీటర్లు మెలితిరిగిన ఉక్కు ఎంత అలసిందో పైకి కనిపించదు. పైగా ఎడమవైపు పనిచేసిన కడ్డీని కుడివైపు వేయరాదు. మెలి ఒకే దిశకు అలవాటు పడి ఉంటుంది.

మిగిలినది కమాన్‌కట్ట. ఇక్కడ నాకు లోభం పుట్టింది. అప్పటికే అనుకున్న సొమ్ముకు రెట్టింపు ఖర్చయింది. విరిగినది ఎడమవైపు పట్టీ ఒక్కటే. ఒక పాత పట్టీ దొరికితే సరిపోతుంది గదా! బండి మరీ కుంగకుండా ఒక అదనపు పట్టీ కూడా వేసేస్తే ఇంకా పటిష్ఠంగా ఉంటుంది గదా! ఏనుగును కొని అంకుశానికి బేరమాడినట్లు, ఇన్ని కొన్న తరువాత ఆ చివరి వస్తువు దగ్గర నా చేయి వెనుకాడింది. "ఆలోచించుకొని రేపు చెబుతాను" అని ఇంటికి వచ్చాను.

మల్లిక్ బజారు నుండి మా ఇంటికి వచ్చే దారిలో ఎల్గిన్ రోడ్డు తగులుతుంది. ఇప్పుడు దాని పేరు లాలా లజపతిరాయ్ సరణి. 1984 అక్టోబరు 24న మన దేశపు మొట్టమొదటి మెట్రో రైలు ఎస్ప్లనేడ్‌కు, భవానీపూర్‌కు నడుమ 3.4 కిలోమీటర్ల దూరం నడిచింది. ఆ భవానీపూర్ స్టేషనుకే తరువాత నేతాజీ భవన్ అని పేరు పెట్టారు. నేతాజీ భవనంలో అద్దాల గదిలో ఒక జర్మన్ వాండరర్ కారు ఉన్నది. 1941 జనవరి 16వ తేదీ అర్ధరాత్రి దాటాక సుభాష్ చంద్ర బోస్ మారువేషంలో ఆ కారు ఎక్కారు. అన్నగారి కుమారుడు శిశిర్ కుమార్ బోస్ దానిని నడిపారు. గోమో స్టేషనులో రైలెక్కి ఆయన దేశం దాటిపోయారు. 2017లో ఆ కారును పునరుద్ధరించి, జనవరి 18న అప్పటి రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ చేతుల మీదుగా ఆవిష్కరించారు. నేను ఎన్నోసార్లు దానిని చూశాను. ఆ సాయంత్రం మాత్రం కొత్త ఆలోచన కలిగింది. ఆ కారు మోయవలసిన బరువు ఒకే రాత్రిలో మోసి చరిత్రలో నిలిచిపోయింది. ఇప్పుడు దానికి మెరుగు ఉంటే చాలు. నా కారుకు చరిత్ర లేదు. అది ఎల్లుండి అమ్మను మోయాలి. అద్దాల గదిలో ఉన్నదానికి ఏది అసలు, ఏది కాదు అన్న ప్రశ్న ముఖ్యం. రోడ్డు మీద ఉన్నదానికి ఏది ఇప్పుడు పనిచేస్తుంది అన్న ప్రశ్నే ముఖ్యం.

రాత్రి భోజనాల వేళ పట్టీ సంగతి మా ఆవిడతో చెబుతున్నాను. గదిలో పడుకున్న అమ్మ వింటున్నదని అనుకోలేదు. లోపలినుంచి పిలిచింది.

"ఒకవైపే మారుస్తావా నాయనా?"

"ఒకవైపే విరిగిందమ్మా."

"మీ నాన్నగారు షాపులో స్ప్రింగులను బరువుకింద పెట్టి ఎత్తు కొలిచి, రంగు వేసి, ఏ రంగువి ఆ రంగువే ఒక పెట్టెకు వేసేవారు. జత కుదరని స్ప్రింగు వేస్తే పెట్టె కుంటుతుందని రోజూ ఇంట్లో చెప్పేవారు. నీకు గుర్తులేదూ?"

గుర్తున్నది. రైలు పెట్టెల స్ప్రింగులను భారం మోపి కొలిచి, వర్గాలుగా విభజించి, రంగులు పూసి, ఒకే వర్గపువాటిని కలిపి వేయడం రైల్వే వర్క్‌షాపుల నియమం. నాన్నగారు ఇంటికి వచ్చేసరికి వారి గోళ్లలో ఆ రంగులు ఉండేవి. 1998లో ఈ కారు కొన్నప్పుడు ఖరగ్‌పూర్ నుండి వచ్చి, దాని చుట్టూ తిరిగి, నాలుగు మూలలా నొక్కి చూసి, "జత బాగున్నది" అని ఒక్క మాట అన్నారు. ఆ మాటకు అర్థం నాకు ఇరవై ఆరేళ్ల తరువాత అమ్మ చెప్పింది. ఆమె అంతటితో ఆగలేదు.

"నీ బండి కుదుపుతున్నదని నేను నీకు చెప్పవలసింది. చెప్పలేదు. తప్పు నాదేలే" అన్నది.

తప్పు ఎవరిదో నాకు తెలుసు. అద్దంలో తెల్లబడిన వేళ్లను నెలన్నరపాటు చూస్తూ కూడా అడగని వాడిది.

మరునాడు రెండువైపులకూ ఒకే తయారీ, ఒకే పట్టీల లెక్క గల కొత్త కమాన్‌కట్టలు కొన్నాను. అదనపు పట్టీ వేయించలేదు. దానివల్ల బండి ఎత్తు పెరుగుతుంది గాని, ముగ్గురే ఎక్కే కారు ఎడ్లబండి అయిపోతుందని సర్దార్జీ ముందే వారించాడు. రెండు రోజులు పని జరిగింది. బుష్‌ల నట్లను కారు గాలిలో ఉండగా ఆయన పూర్తిగా బిగించలేదు. నాలుగు చక్రాలూ నేలకు దింపి, కారు తన బరువు మీద తాను నిలిచిన తరువాతనే చివరి బిగింపు చేశాడు. గాలిలో బిగిస్తే, నేలకు దిగగానే రబ్బరు మెలిపడి త్వరగా చిరిగిపోతుందట. గ్రీజు పట్టవలసిన చోట్లన్నీ పట్టించాడు. గాలి సరిచేసి, చక్రాల అమరిక చూపించుకొని రమ్మని పంపాడు. నేను కొన్న ఆ 'ఘనమైన' షాక్ అబ్సార్బర్లను సామాన్లు మోసే ఒక బండివాడు సగం ధరకు సంతోషంగా తీసుకున్నాడు. ఎక్కడ ఉండవలసినవి అక్కడికి చేరాయి.

మహాలయకు నాలుగు రోజుల ముందు అమ్మను మళ్లీ ఆసుపత్రికి తీసుకువెళ్లాను. కారు కొత్తదానిలా మారిపోయిందని చెప్పను. ఇరవై ఆరేళ్ల కారు ఇరవై ఆరేళ్ల కారే. గుంత వస్తే గుంత వచ్చినట్లు తెలుస్తూనే ఉన్నది. కాని 'టక్కు' లేదు. పడవ ఒరిగినట్లు ఒరిగి, కుదురుకున్నది. జదుబాబు బజారు దాటాక అద్దంలో చూశాను. ముందు సీటు అంచు మీద అమ్మ చేయి లేదు. భయపడి వెనక్కు తిరిగి చూశాను. చేతులు రెండూ ఒడిలో పెట్టుకొని, తల ఒక ప్రక్కకు వాల్చి, నోరు కొద్దిగా తెరచి ఆమె నిద్రపోతున్నది.

మరో రెండేళ్లలో నేను పదవీ విరమణ చేస్తాను. 2028లో కారు రిజిస్ట్రేషన్ గడువు తీరుతుంది. అప్పటికి నాకు గాని, దానికి గాని పొడిగింపు లభిస్తుందో లేదో చెప్పలేను. మిత్రులు మాత్రం ఇప్పటికీ "ఆ బండికి ఇంత ఖర్చు ఎందుకండీ?" అని అడుగుతూనే ఉన్నారు. వారికి లెక్కలు చూపించడం మానేశాను. మీ కారుకు సామాను కొనబోయే ముందు దుకాణదారును ధర అడగడానికన్నా ముందు, వెనుక సీటులో కూర్చునేవారిని ఒక మాట అడగండి. నేను ఆ పని ఆలస్యంగా చేశాను.